ఊరూ పేరూ అడగని నమ్మకం



మద్రాసు నుంచి కలకత్తాకు పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఇచ్ఛాపురం దాటగానే గంజాం జిల్లాలో అడుగుపెడుతుంది. గిరిసోల, బరంపురం, ఛత్రపురం, ఋషికుల్య వంతెన, రంభ మీదుగా చిలికా ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి సాగిపోతుంది. ఆ దారిమీద డ్రైవర్లకు ఒక మూగభాష ఉంది. ఎదురొచ్చే లారీ రెండుసార్లు డిప్పర్ కొట్టిందంటే ముందు ఏదో అడ్డం ఉందని, నెమ్మదించమని అర్థం. ఆ కబురు చెప్పిన మనిషి ఎవరో, ఆ లారీ ఏ ఊరిదో మనం అడగం. అడగకుండానే బ్రేకు మీద కాలు వేస్తాం. లారీ కళ్లెదుటే ఉంది, మనం పోబోయే దారినే అది వచ్చింది, మనతో అబద్ధమాడితే దానికి ఒరిగేది ఏమీ లేదు. ఊరూ పేరూ అడగని ఆ నమ్మకాన్ని రేడియో తరంగాల మీదికి ఎక్కించడం ఎలా అన్నదే ఇవాళ్టి మన విషయం.

వాహనాలు ఒకదానితో ఒకటి వైర్‌లెస్‌లో మాట్లాడుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికా 1999లోనే 5.9 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఇందుకు తరంగాలను విడిగా కేటాయించింది. 2008లో యూరప్ కూడా ఆ పని చేసింది. ఏర్పాటు చూడటానికి సులువైనదే. ప్రతి వాహనం సెకనుకు పదిసార్లు తానెక్కడున్నదీ, ఎంత వేగంతో ఎటు పోతున్నదీ, బ్రేకు వేసిందీ లేనిదీ చుట్టుపక్కల సుమారు 300 మీటర్ల దూరానికి చాటుతుంది. మిగతా వాహనాలు ఆ మాట విని, ఢీకొనే ప్రమాదం ఉంటే డ్రైవరును హెచ్చరిస్తాయి. మలుపు అవతల ఉన్న బస్సు కంటికి కనబడదు గాని, దాని మాట మాత్రం ముందే చేరుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. 2023 జూన్ నెలాఖరులో దిగపహండి దగ్గర అర్ధరాత్రి వేళ రెండు బస్సులు ఎదురెదురుగా గుద్దుకుని 12 మంది ప్రాణాలు పోయిన సంగతి ఈ జిల్లా ఇంకా మరచిపోలేదు. ఆ ప్రమాదానికి కారణం ఫలానా అని తేల్చడం మన పని కాదు. కాని ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు వాహనాల మధ్య 300 మీటర్ల దూరం ఏడు సెకన్లలోపే కరిగిపోతుంది. హెచ్చరిక ఆ ఏడు సెకన్లలోనే రావాలి, ఆ ఏడు సెకన్లలోనే దాన్ని నమ్మాలి.

చిక్కంతా నమ్మడం దగ్గరే ఉంది. డిప్పర్ కొట్టిన లారీ కంటికి కనిపిస్తుంది. వైర్‌లెస్‌లో వచ్చిన మాటకు మొహం ఉండదు. రోడ్డు పక్క పొదలో ఒక చిన్న పరికరం పెట్టి, ముందు వంద వాహనాలు ఆగిపోయి ఉన్నాయని అబద్ధపు కబుర్లు చల్లితే చాలు, ఖాళీ రోడ్డు మీద లారీలన్నీ ఒక్కసారిగా బ్రేకులు తొక్కుతాయి. లేని అంబులెన్సు వస్తోందని నమ్మించి సిగ్నలు దగ్గర దారి ఇప్పించుకోవచ్చు. ఒక్కడే వందమందిలా నటించే ఈ మోసాన్ని కంప్యూటర్ శాస్త్రంలో సిబిల్ దాడి అంటారు. వాహనంలో కంప్యూటరు ఉంటే దాన్ని దూరం నుంచి లోబరుచుకోవచ్చనేదీ ఊహ కాదు. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు హైవే మీద పోతున్న జీప్ చెరోకీ బండిని ఎక్కడో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా అదుపులోకి తెచ్చుకుని చూపించారు. ఆ దెబ్బకు కంపెనీ 14 లక్షల వాహనాలను మరమ్మతుకు వెనక్కి పిలవాల్సి వచ్చింది. అందువల్ల ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉండాలి. వాహనం దగ్గర ఒక రహస్యపు తాళంచెవి ఉంటుంది, దానితో సంతకం చేస్తుంది. దానికి జతగా ఉండే బహిరంగ తాళంచెవితో ఎవరైనా ఆ సంతకాన్ని సరిచూసుకోవచ్చు. ఆ జత అసలైన వాహనానిదేనని ఒక అధికార సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ తర్వాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. వాహనానికి ఒకే సర్టిఫికెట్ ఉంటే అది సెకనుకు పదిసార్లు తన పేరు తానే కేకవేసుకుంటూ పోయినట్టే. బరంపురంలో నాలుగు కూడళ్ల దగ్గర నాలుగు రిసీవర్లు పెట్టినవాడికి, ఏ కారు ఏ రోజు ఏ డాక్టరు గుమ్మం ముందు ఆగిందో, ఏ వ్యాపారి ఏ తెల్లవారుజామున ఏ మొగలితోటకు పోయి పూలు కొన్నాడో కూర్చున్న చోటనే తెలిసిపోతుంది. గంజాం మొగలిపూల వ్యాపారంలో ఎవరు ఎవరి దగ్గర కొంటున్నారన్నది అత్తరంత విలువైన రహస్యం. పేరు లేకపోయినా దారి ఒక్కటే మనిషిని పట్టిస్తుందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. 15 లక్షల మంది సెల్‌ఫోన్ల కదలికలను పరిశీలిస్తే, ఏ వేళకు ఎక్కడున్నారన్న నాలుగే నాలుగు ఆనవాళ్లతో నూటికి 95 మందిని మిగతావాళ్ల నుంచి విడదీసి గుర్తించవచ్చని బయటపడింది. ఇల్లు, ఆఫీసు, గుడి, ఆస్పత్రి. నాలుగైపోయాయి.

నా వాదన ఒక్క మాటలో చెబుతాను. రోడ్డుకు కావలసింది ఈ మాట నమ్మదగిన వాహనం నుంచి వచ్చిందా అన్న జవాబు మాత్రమే. ఆ వాహనం ఎవరిదన్న ప్రశ్నకు రోడ్డు మీద పనిలేదు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసే పద్ధతి గణితంలో ఉంది, మన ప్రజాజీవితంలోనూ చాలాకాలంగా ఉంది. కాగితపు బ్యాలెట్ల రోజుల్లో పోలింగు బూతు ఎలా నడిచేదో గుర్తు తెచ్చుకోండి. ఒక బల్ల దగ్గర మీ పేరు జాబితాలో చూసి, వేలికి సిరా పెట్టి, బ్యాలెట్ ఇచ్చేవారు. ఓటు వేసే అర్హత మీకుందని అక్కడితో రుజువైంది. పెట్టెలో పడ్డ బ్యాలెట్ మీద మీ పేరు ఉండదు. అయినా అది అసలైన బ్యాలెట్టేనని లెక్కించేవాళ్లు నమ్ముతారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్యాలెట్ మీద ఒక వరుస సంఖ్య, దాని అడుగుకాగితం మీద అదే సంఖ్యతో పాటు ఓటరు జాబితాలో మీ నంబరూ ఉండేవి. రెండూ కలిపి చూస్తే ఎవరు ఎవరికి వేశారో తెలిసిపోతుంది. అందుకే 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 93వ నియమం, ఆ అడుగుకాగితాల కట్టలను తగిన కోర్టు ఆజ్ఞ లేనిదే ఎవరూ తెరవరాదని కట్టడి చేసింది. దొంగ ఓటు పడిందన్న కేసు వస్తే దారి మూసుకుపోలేదు. ఊరికే తెలుసుకుందామనుకున్నవాడికి మాత్రం దారి లేదు. వాహనాలకు కావలసిన గోప్యత కూడా సరిగ్గా ఈ రకానిదే.

అమెరికాలో తయారైన వాహన సర్టిఫికెట్ల వ్యవస్థ ఈ పనిని మారుపేర్లతో సాధిస్తుంది. ప్రతి వాహనానికీ ఒక వారానికి ఇరవై దాకా మారుపేరు సర్టిఫికెట్లు ముందే ఇస్తారు. వాహనం కొద్ది నిమిషాలకొకసారి ఒకటి విడిచి మరొకటి తొడుక్కుంటుంది. ఛత్రపురంలో విన్న పేరుకీ రంభలో విన్న పేరుకీ పైకి ఏ చుట్టరికమూ కనబడదు. అసలు తెలివి మాత్రం ఈ సర్టిఫికెట్లు ఇచ్చే చోట ఉంది. ఏ వాహనం అడుగుతోందో ఒక సంస్థకు తెలుసు గాని, దానికి ఏ మారుపేర్లు దక్కాయో తెలియదు. మారుపేర్లు ముద్రించే సంస్థకు ఆ పేర్లు తెలుసు గాని, అవి ఎవరికి పోతున్నాయో తెలియదు. ఒకే వాహనం పేర్లను కలిపి కట్టే దారం రెండు పోగులుగా విడిపోయి, వేరువేరు సంస్థల దగ్గర చెరొక పోగూ ఉంటుంది. ఒక వాహనం పదేపదే అబద్ధాలు చెబుతోందని తేలితే, ఈ సంస్థలన్నీ కలిసి తలా ఒక ముక్క బయటపెట్టినప్పుడే దాని పేర్లను రద్దు చేయగలుగుతాయి. అలా రద్దు చేసినా ఆనాటి నుంచి ముందుకు వచ్చే పేర్లే బయటపడతాయి, వెనకటి ప్రయాణాలు మూసే ఉంటాయి. ఇదే పనికి గుంపు సంతకాలు అనే మరో మార్గాన్ని 1991లో డేవిడ్ చౌమ్, యూజీన్ వాన్ హైస్ట్ అనే పరిశోధకులు చూపించారు. ఒక గుంపులో సభ్యుడెవరో సంతకం చేశాడని అందరూ సరిచూడగలరు. ఏ సభ్యుడన్నది ముడి విప్పే అధికారం ఉన్నవాడికి తప్ప తెలియదు.

ఇంత తంటా దేనికి, బండి నంబరును కొంచెం గజిబిజి చేసి పంపితే సరిపోదా అని ఇంజినీర్లే కొందరు అడుగుతారు. సరిపోదని న్యూయార్క్ నగరం నేర్చుకుంది. 2014లో అక్కడి టాక్సీల ఏడాది ప్రయాణాలు, 17 కోట్లకు పైగా, సమాచార హక్కు కింద బయటికొచ్చాయి. టాక్సీ నంబర్లను గణిత సూత్రంతో చిక్కుముడి వేసి దాచామనుకున్నారు. కాని అలాంటి నంబర్లు ఎన్ని ఉండగలవో అన్నింటినీ వరసగా అదే సూత్రంలో వేసి చూసిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కొద్ది గంటల్లోనే ముడులన్నీ విప్పేశాడు. మన జిల్లా లెక్క చూడండి. గంజాంలో చాలా బండ్లకు ఓడీ 07 తర్వాత రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. ఆ మూసలో సాధ్యమయ్యే నంబర్లన్నీ కలిపినా 70 లక్షలకు చేరవు. నేటి కంప్యూటరుకు అది రెప్పపాటు పని. ముసుగు వేసుకున్నంత మాత్రాన మొహం దాగదు, ముసుగు వెనక ఉండగల మొహాలు కొన్నే అయితే.

ఇప్పుడు గట్టి అభ్యంతరాల దగ్గరికి వద్దాం. మొదటిది పోలీసుల వైపు నుంచి వస్తుంది. రెండు రాష్ట్రాల సరిహద్దు ఇది. గిరిసోల దాటితే ఆంధ్ర, ఇటు వస్తే ఒడిశా. సరుకు దొంగలూ, గుద్ది పారిపోయే బండ్లూ ఈ గోప్యత చాటున దాక్కోరా అన్నది ప్రశ్న. దీనికి జవాబు బ్యాలెట్ అడుగుకాగితంలోనే ఉంది. ఇక్కడ ఇస్తున్నది తెరవడానికి వీల్లేని గోప్యత కాదు. కారణం చూపించి, న్యాయాధికారి అనుమతితో, ఒకటికి మించిన సంస్థలు కలిసి తెరిచే గోప్యత. గుద్ది పారిపోయిన బండి ఆ క్షణాన చేసిన సంతకం పక్క వాహనాల దగ్గర నమోదై ఉంటే, ఇవాళ దొరకని ఆధారం రేపు దొరుకుతుంది కూడా. ఒక్క అధికారి ఒక్క మీట నొక్కి ఎవరి దారినైనా చూడగలగడం మాత్రం వద్దనుకుంటున్నాం. సరిహద్దు జిల్లాలో దీనికి మరింత అర్థం ఉంది. ఇచ్ఛాపురంలో ఇల్లు, బరంపురంలో కొట్టు ఉన్న మనిషి రోజూ రెండు పరిపాలనల మధ్య తిరుగుతాడు. ఒక రాష్ట్రం చేతిలో పూర్తి తాళంచెవి పెడితే, మరో రాష్ట్రపు పౌరుడి దారి కూడా ఆ చేతిలో పెట్టినట్టే.

రెండో అభ్యంతరం మామూలు మనిషిది. నంబరు ప్లేటు అందరికీ కనిపిస్తూనే ఉంది, ఫాస్టాగ్ ఉంది, జేబులో ఫోనుంది, ఇంకా దాచడానికి ఏం మిగిలిందని అంటాడు. మాటలో నిజం ఉంది గాని ముగింపు తప్పు. నంబరు ప్లేటు చూడటానికి అక్కడ ఒక కన్నో కెమెరానో ఉండాలి, వెలుతురు ఉండాలి. సెకనుకు పదిసార్లు చాటే పేరును గోడ వెనక నుంచి, చీకట్లో, చవక పరికరంతో ఎవడైనా పోగు చేసుకోవచ్చు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర తప్పనిసరైన ఫాస్టాగ్ గేటు దగ్గర మాత్రమే పలుకుతుంది, గేటుకీ గేటుకీ మధ్య మౌనంగా ఉంటుంది. ఉపగ్రహాల సాయంతో నడిచిన దూరాన్ని బట్టి టోలు వసూలు చేసేందుకు 2024 సెప్టెంబరులో నియమాలను సవరించారు. దేశమంతటా అది అమలులోకి వస్తే ఆ మౌనం కూడా పోతుంది. పోగుపడ్డ సమాచారం పోగైన చోటే ఉండదన్నదానికి సాక్ష్యాలు ఉన్నాయి. 2019లో కేంద్రం వాహన రిజిస్ట్రేషన్ల సమాచారాన్ని మొత్తంగా అమ్మే విధానం తెచ్చింది. అటువంటి సమాచారంపై 65 కోట్ల రూపాయలు వచ్చాయని ఆ ఏడాదే పార్లమెంటుకు చెప్పింది. దుర్వినియోగం, గోప్యత గురించిన భయాలతో 2020లో ఆ విధానాన్నే రద్దు చేసుకుంది. 2024 డిసెంబరులో జర్మనీలో ఫోక్స్‌వాగన్ సంస్థకు చెందిన దాదాపు 8 లక్షల విద్యుత్ కార్ల సమాచారం కాపలా లేకుండా ఇంటర్నెట్‌లో పడి ఉందని బయటపడింది. వాటిలో 4,60,000 కార్లు ఎక్కడెక్కడ ఆగాయో కచ్చితంగా తెలిసిపోయే స్థితి. అక్కడ ఎవరూ కుట్ర చేయలేదు. పోగు చేశారు, తలుపు వేయడం మరిచారు. పోగే చేయకపోతే తలుపు మరిచే ప్రశ్నే లేదు.

మూడో అభ్యంతరం ఖర్చు, ఆలస్యం గురించి. చుట్టూ వంద వాహనాలు ఉంటే సెకనుకు వెయ్యి సంతకాలు సరిచూడాలి. ఆ పనికే తయారైన చిప్‌లు నేడు సెకనుకు వేల సంతకాలను సరిచూడగలవు, కనుక ఇది దాటలేని గోడ కాదు. పైగా ఈ పద్ధతిలో మన తీరానికి పనికొచ్చే సుగుణం ఒకటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు మూగబోయాయి. ప్రతి సందేశానికీ భువనేశ్వర్‌లోనో ఢిల్లీలోనో ఉన్న కంప్యూటరును అడిగి నమ్మే ఏర్పాటు అయితే, అది సరిగ్గా అవసరమైన రాత్రే చేతులెత్తేస్తుంది. సర్టిఫికెట్ వాహనంలోనే ఉండి, ఎదుటి వాహనం దాన్ని అక్కడికక్కడే సరిచూసుకుంటే టవరు కూలినా మాట చెల్లుతుంది. సహాయానికి బయలుదేరిన లారీల వరస కూలిన చెట్టు కబురును వెనకవాళ్లకు అందించగలదు. దీనికీ ఒక మూల్యం ఉందని ఒప్పుకోవాలి. నెట్‌వర్క్ లేనప్పుడు రద్దైన పేర్ల జాబితా కొత్తగా అందదు, దొంగ సర్టిఫికెట్ కొన్నాళ్లు చెలామణి అవుతుంది. అందుకే మారుపేర్లకు ఆయుష్షు కొద్దిగా ఉండాలని నిపుణులు పట్టుబడతారు.

గణితం అన్నీ తీరుస్తుందని నేను అనను. బరంపురం కొత్త బస్టాండు ముందు సాయంత్రం రద్దీలో పేరు మార్చుకున్న కారు గుంపులో కలిసిపోతుంది. అదే కారు అర్ధరాత్రి తప్తపాణి ఘాటు మీద ఒంటరిగా పోతూ పేరు మార్చుకుంటే ఎవరిని మోసగించగలదు? ఒక క్షణం ముందు ఇక్కడ ఒక పేరు, క్షణం తర్వాత రెండు మీటర్ల అవతల మరో పేరు, మధ్యలో ఇంకో బండి లేదు. వినేవాడికి లెక్క ఇట్టే కుదిరిపోతుంది. కూడళ్ల దగ్గర, గుంపుగా ఉన్నప్పుడే పేర్లు మార్చడం, మార్చే ముందు కాసేపు మౌనంగా ఉండటం వంటి ఉపాయాలు ఉన్నాయి. కాని మౌనం ఎక్కువైతే భద్రత తగ్గుతుంది. పల్లెల మధ్య పలచని రోడ్ల మీద గణితం కాపాడలేని ఈ ఖాళీని చట్టమే పూడ్చాలి. విన్న సందేశాన్ని పనైపోగానే చెరిపేయాలి, ప్రమాదం జరిగితే తప్ప దాచకూడదు, వాణిజ్యానికి అమ్మకూడదు అన్న నియమాలు కావాలి. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమూ వచ్చింది. అయితే ప్రభుత్వం తాను ఎంచిన తన సంస్థలను నోటిఫికేషనుతో మినహాయించుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి చట్టం ఒక్కదాన్నే నమ్ముకున్నా చాలదు. తాళంచెవిని ముక్కలు చేసే గణితం, దాన్ని తెరిచే చేతులను కట్టడి చేసే చట్టం, రెండూ ఒకదానికొకటి కాపలా ఉండాలి.

ఎడ్లబండ్లూ, సైకిళ్లూ, ఆవులూ నడిచే మన రోడ్లకు ఇదంతా ఇప్పుడెందుకని మీరు అడగవచ్చు. ఈ యంత్రాలు ఒక్క రోజులో రావు, మెట్లు మెట్లుగా వస్తాయి. ప్రజారవాణా వాహనాలకు స్థాన సూచికలు, అత్యవసర మీటలు అమర్చాలని కేంద్రం 2016లోనే నోటిఫికేషను ఇచ్చింది. అది సబబే. బస్సు పదిమందిది, అది ఎక్కడుందో ప్రయాణికుడికి తెలియాలి. అంబులెన్సు దారి అడిగినప్పుడు తానెవరో చెప్పి తీరాలి. కాని బస్సుకు తగిన నియమాన్ని అలాగే తెచ్చి సొంత కారుకూ, కూలికి పోయే మనిషి మోటారుసైకిలుకూ తగిలించడం సులువు. మొదట అమర్చిన యంత్రం ఏ అలవాటు నేర్పితే తర్వాతి యంత్రాలన్నీ అదే అలవాటుతో పుడతాయి. లక్షల బండ్లలో ఒకసారి బిగించిన పరికరాన్ని విప్పి మార్చడం, సర్టిఫికెట్ ఎలా ఉండాలో కాగితం మీద ముందే రాసుకోవడం కన్నా ఎన్నో రెట్లు కష్టం. మరో సంగతి. తనను వెంటాడుతోందని అనుమానం వచ్చిన పరికరాన్ని డ్రైవరు ఏం చేస్తాడో చెప్పనక్కర్లేదు, వైరు పీకేస్తాడు. వైరు పీకిన బండి మలుపు అవతలి వాళ్లను హెచ్చరించదు. కనుక ఈ వ్యవస్థలో గోప్యత పౌరుడికి వేసే భిక్ష కాదు, భద్రతకు అది పునాది.

అందుచేత రేపు ఈ పరికరాలు మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్న, ఇది పనిచేస్తుందా అన్నది ఒక్కటే కాదు. ముడి విప్పే తాళంచెవి ఎన్ని ముక్కలుగా ఉంది, ఏ ముక్క ఎవరి చేతిలో ఉంది, వాళ్లు ఎవరికి జవాబుదారీ అని అడగాలి. ఈ మూడింటికీ స్పష్టమైన జవాబు ఇవ్వగలిగిన యంత్రం డిప్పర్ కొట్టే లారీలాంటిది, దాని మాట విని బ్రేకు మీద కాలు వేయవచ్చు. ఇవ్వలేనిదాన్ని బిగించేందుకు మన బండి బానెట్ ఎత్తనివ్వకూడదు.